రెండు సూదులా, నాలుగు సూదులా, పంపా? గోదావరి డెల్టాలో ఇన్సులిన్ పద్ధతి ఎంచుకునేవారికి

ఇన్సులిన్ తప్పదని తేలిన ఇంట్లో మొదట భయం, ఆ వెనకే సలహాలు. భీమవరంలో చదువుకునే మేనల్లుడు ఇన్సులిన్ పెన్ను కొనమంటాడు. కువైట్‌లో ఉన్న అక్క అక్కడి మందు పంపిస్తానంటుంది. వీధి చివర ఆరెంపీ గారు సీసా చాలంటారు. ఎవరో ఫోన్లో ఇన్సులిన్ పంపు వీడియో చూపిస్తారు. అందరూ మందు గురించే చెబుతారు, మీ రోజు ఎలా నడుస్తుందని అడిగేవాళ్లు తక్కువ. అన్నం ఏ వేళకి తింటారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, పక్కన ఎవరుంటారు అనేవి తేల్చుకున్నాకే మందు సంగతి చూడాలని నా అభిప్రాయం. ఖరీదైన ఇన్సులిన్ తప్పు పద్ధతిలో వాడేవాళ్లకంటే, చవక ఇన్సులిన్ తమ దినచర్యకి సరిపడేలా వాడుకునేవాళ్ల షుగరే నిలకడగా ఉంటుంది.

ఇది ముఖ్యంగా టైప్-1 ఉన్నవాళ్లకీ, ప్యాంక్రియాస్‌లో రాళ్ల వల్ల షుగర్ వచ్చినవాళ్లకీ, ఏళ్ల తరబడి మాత్రలు మింగి ఇక అవి పనిచేయని టైప్-2 వాళ్లకీ రాస్తున్నాను. వీళ్ల మధ్య తేడా ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. టైప్-1లో ఒంట్లో సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు. ఒక్క రోజు పూర్తిగా మానేసినా రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. టైప్-2లో ఎంతో కొంత మిగిలి ఉంటుంది కాబట్టి తప్పటడుగుని ఒళ్లు కాస్త కాచుకుంటుంది. మోతాదు నిర్ణయించేది మీ డాక్టరుగారే. ఆయన ముందు కూర్చునేలోగా మీ వైపు లెక్క తేల్చుకోవడానికే ఇదంతా.

## ముందు చూసుకోవాల్సినవి

తిండి వేళ. రోజూ ఎనిమిదింటికి టిఫిన్, ఒంటిగంటకి అన్నం, రాత్రి ఎనిమిదికి మళ్లీ అన్నం తినే మాస్టారిదొక లెక్క. రొయ్యల చెరువు మీద రాత్రంతా ఏరేటర్లు చూసుకుని, పొద్దెక్కాక ఇంటికొచ్చి తిని పడుకునే మనిషిది ఇంకో లెక్క. మీ వేళల్లో రోజుకీ రోజుకీ గంట కంటే ఎక్కువ తేడా వస్తుంటే మీరు రెండో కోవలోకే వస్తారు.

ఒంటి పని. ఊడ్పులు, కోతలు, కొబ్బరి దింపు, ఇటుకబట్టీ పనులు షుగర్‌ని అప్పటికప్పుడే కాదు, ఆ రాత్రి, కొందరికి మర్నాడు కూడా దించుతాయి. ఏడాదంతా ఒకే రకం పని ఉన్నవాళ్లకి మోతాదు స్థిరంగా ఉంటుంది. సీజన్ పని చేసేవాళ్లకి పని రోజుల మోతాదు వేరు, ఖాళీ రోజుల మోతాదు వేరు.

షుగర్ చూసుకునే స్ట్రిప్పులకి డబ్బు. దీన్ని అందరూ చివర చూస్తారు, నేను పైకి తెస్తాను. నెలకి ఇంత అని పక్కన పెట్టగలిగితే అందులోంచి ముందు స్ట్రిప్పుల ఖర్చు తీసేయండి. మిగిలినదానితో ఏ ఇన్సులిన్ వస్తుందో చూడండి. షుగర్ ఎంతుందో తెలియకుండా వేసుకునే కొత్తరకం ఇన్సులిన్ కంటే, రోజుకి మూడు నాలుగు సార్లు చూసుకుంటూ వేసుకునే పాతరకం మేలు.

చల్లదనం. ఇంట్లో ఫ్రిజ్ ఉందా, కరెంటు ఎంతసేపు పోతుంది, మీది నది మధ్య లంక గ్రామమా.

తోడు. రాత్రి రెండింటికి చెమటలు పట్టి మాట తడబడితే లేపి గ్లూకోజు పట్టేవాళ్లు ఇంట్లో ఉన్నారా? పిల్లలు హైదరాబాదులోనో మస్కట్‌లోనో ఉండి, ఒక్కతే ఉండే పెద్దావిడకి ఇదే మొదటి ప్రశ్న. షుగర్ మరీ కట్టుదిట్టంగా దించాలనే పట్టుదల ఆవిడ విషయంలో వదిలేయాలి. అలాంటివాళ్లకి మూడు నెలల సగటు (HbA1c) 8 శాతం లోపు ఉంటే చాలని డాక్టర్లే లక్ష్యం సడలిస్తారు.

## ఏ మందు ఎంతసేపు

ఈ పట్టిక ఒకసారి చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. అంకెలు మనిషికీ మనిషికీ కొంత మారతాయి.

| ఇన్సులిన్ | పని మొదలయ్యేది | జోరుగా ఉండేది | నిలిచేది |
|---|---|---|---|
| రెగ్యులర్ (పాతరకం, తేటగా ఉంటుంది) | అరగంటకి | 2–4 గంటల మధ్య | 6–8 గంటలు |
| లిస్‌ప్రో, ఆస్పార్ట్, గ్లులిసిన్ (వేగంగా పనిచేసేవి) | 10–15 నిమిషాలకి | 1–2 గంటల మధ్య | 3–5 గంటలు |
| ఎన్‌పీహెచ్ (తెల్లగా, పాలలా ఉంటుంది) | 1–2 గంటలకి | 4–10 గంటల మధ్య | 12–18 గంటలు |
| గ్లార్జిన్ | నెమ్మదిగా | పెద్ద జోరు ఉండదు | దాదాపు 24 గంటలు |
| డెగ్లుడెక్ | నెమ్మదిగా | జోరు ఉండదు | 42 గంటలు దాటి |

## రోజుకు రెండు మిక్స్ సూదులు

మన వైపు ఎక్కువమంది వాడేది ఇదే. నూటికి 30 వంతులు రెగ్యులర్, 70 వంతులు ఎన్‌పీహెచ్ కలిపి వచ్చే సీసా. పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు ఒకటి, రాత్రి అన్నానికి అరగంట ముందు ఒకటి. చవక, ప్రతి మందుల షాపులోనూ దొరుకుతుంది, నేర్చుకోవడానికి ఒక పూట చాలు. మధ్యాహ్నం సూది లేకపోవడం బడి పిల్లలకీ, బ్యాంకు ఉద్యోగికీ ఊరట.

ఆ మధ్యాహ్నం సూది లేకపోవడంలోనే చిక్కూ ఉంది. పొద్దున వేసుకున్న ఎన్‌పీహెచ్ మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. మీరు తిన్నా తినకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర మూడింటిదాకా కూర్చుని అన్నం తప్పించినవాళ్లు అక్కడే కళ్లు తిరిగి పడిపోవడం ఇందుకే. ఈ పద్ధతిలో తిండి మందు వెనకాల నడవాలి.

రాత్రి వైపు ఇంకో ఉచ్చు. ఏడున్నరకి వేసుకున్న మిక్స్ ఒంటిగంట, రెండు మధ్య షుగర్‌ని బాగా దించవచ్చు. తెల్లవారేసరికి దాని బలం తగ్గి పరగడుపు షుగర్ పెరిగి కనిపిస్తుంది. పొద్దున్నే 220 చూసి రాత్రి మోతాదు పెంచుతారు. నడిరాత్రి ఇంకా పడిపోతుంది. పెంచేముందు రెండు మూడు రాత్రులు అలారం పెట్టుకుని మూడు గంటలకి లేచి చూసుకోండి. అప్పుడు తక్కువ ఉందంటే మోతాదు పెంచడం కాదు, పద్ధతే మార్చమని డాక్టరుగారిని అడగాలి.

సీసాలో తెల్ల మందు అడుగుకి దిగి ఉంటుంది. రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి, పైకీ కిందకీ తిప్పి, అంతా ఒకే తెలుపు అయ్యాక తీయాలి. కుదిపితే నురగ వస్తుంది, కొలత తప్పుతుంది. అసలు కలపకుండా తీస్తే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. "మందు పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే.

వేళ తప్పని ఇంట్లో టైప్-2 పెద్దవాళ్లకి ఇది బాగానే సరిపోతుంది. టైప్-1 పిల్లలకి మాత్రం వేరే దారి అందుబాటులో ఉంటే దీన్ని ఎంచుకోవద్దు. రెండు మందుల నిష్పత్తి సీసాలోనే కుదిర్చేసి ఉంటుంది కాబట్టి ఒకటి పెంచి ఇంకోటి తగ్గించే వీలే లేదు.

## రాత్రి ఒక్క బేసల్, పగలు మాత్రలు

బేసల్ అంటే తిండితో పనిలేకుండా నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్. ఈ పద్ధతి టైప్-2 వాళ్లకి మొదటి మెట్టు మాత్రమే. పరగడుపు షుగర్ ఎక్కువగా ఉండి, తిన్నాక పెరిగేది అదుపులో ఉంటే సరిపోతుంది. టైప్-1కి ఇది చికిత్స కాదు. మాత్రలతో సర్దుకోవచ్చని ఎవరన్నా చెబితే వినవద్దు.

## నాలుగు సూదులు, పాతరకం మందులతో

మూడు పూటలా అన్నానికి అరగంట ముందు రెగ్యులర్, పడుకునేముందు ఎన్‌పీహెచ్. అవసరాన్నిబట్టి పొద్దున ఇంకో ఎన్‌పీహెచ్. పేదింటి టైప్-1 కుర్రాడికి ఇది మంచి దారి. ఖర్చు మిక్స్ సీసా స్థాయిలోనే ఉంటుంది, స్వేచ్ఛ చాలా ఎక్కువ. అయినా దీన్నెవరూ గట్టిగా చెప్పరు. సీసా మందుకి ప్రచారం చేసేవాళ్లు ఎవరుంటారు?

ఇబ్బంది ఆ అరగంట దగ్గర. కంచం ముందు పెట్టుకున్నాక సూది వేసుకుంటే తిన్న వెంటనే షుగర్ ఎగురుతుంది, నాలుగైదు గంటల తర్వాత పడుతుంది. రెగ్యులర్ ఆరేడు గంటలు సాగుతుంది కాబట్టి పూటకీ పూటకీ మధ్య చిన్న చిరుతిండి కావాలి. గుప్పెడు వేయించిన శనగలు నా ఓటు. అరటిపండు అప్పుడప్పుడూ పర్లేదు.

## నాలుగు సూదులు, అనలాగులతో

అనలాగులంటే పట్టికలో చెప్పిన కొత్తరకం ఇన్సులిన్లు. బేసల్‌గా గ్లార్జిన్ లేదా డెగ్లుడెక్ రోజూ ఒకే వేళకి. తినే ప్రతిసారీ కంచం ముందు కూర్చునేటప్పుడు వేగంగా పనిచేసేది ఒక సూది. తినకపోతే ఆ సూది ఉండదు, బేసల్ మాత్రం మానకూడదు. వేళాపాళా లేని జీవితాలకి ఇంతకంటే కుదిరేది లేదు. చెరువు కాపలా మనిషి తొమ్మిదింటికి తిన్నా పన్నెండింటికి తిన్నా మందు ఆయన వెనకాల వస్తుంది. గ్లార్జిన్‌ని ఇంకే ఇన్సులిన్‌తోనూ ఒకే సిరంజిలో కలపకూడదు.

ఇక్కడ కొంచెం లెక్క నేర్చుకోవాలి. రోజు మొత్తం ఇన్సులిన్ 40 యూనిట్లు అనుకుందాం. 500ని 40తో భాగిస్తే 12.5. అంటే ఒక యూనిట్ సుమారు పన్నెండు గ్రాముల పిండిపదార్థాన్ని సర్దుతుంది. 1800ని 40తో భాగిస్తే 45. అంటే ఒక యూనిట్ షుగర్‌ని సుమారు 45 దించుతుంది. ఇవి మొదలుపెట్టడానికి వాడే అంచనాలు. మీ అసలు అంకెలు డాక్టరుగారితో కూర్చుని, మీ రీడింగుల్లోంచి తేల్చుకోవాలి.

వండిన అన్నం వంద గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. మన ఇళ్లలో కంచం నిండా పెట్టే అన్నం మూడు వందల గ్రాములకి తేలిగ్గా చేరుతుంది. అంటే ఆ ఒక్క కంచానికే ఏడు యూనిట్లు. వంటింటి తూకం ఒకటి కొని, మీరు రోజూ తినే కంచాన్ని, మీ గరిటెని ఒక వారం తూచండి. తర్వాత కళ్లే తూకం వేస్తాయి. మామూలు ఇడ్లీలో పిండిపదార్థం పది, పన్నెండు గ్రాములు. పనసాకు బుట్టలో వేసిన పొట్టిక్క దానికి రెండు మూడింతలు ఉంటుంది, ఒకటే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

పెళ్లి భోజనం వేరే చదువు. నెయ్యి, వేపుళ్లు, బూరెలు కలిస్తే షుగర్ వెంటనే పెరగదు, మూడు నాలుగు గంటలకి ఎక్కుతుంది. మొత్తం మోతాదు ముందే వేసుకుంటే తిన్న గంటకి పడిపోయి, రాత్రి పదకొండుకి ఆకాశంలో ఉంటుంది. కొందరు సగం ముందు, సగం గంటన్నర తర్వాత వేసుకుంటారు. ఇదీ డాక్టరుగారిని అడిగి చేయాల్సిందే. తిన్న గంటకే 250 కనిపించిందని కంగారుపడి ఇంకో సూది, అరగంటకి మరోటి పొడవడం మాత్రం వద్దు. మొదటి సూది మూడు నాలుగు గంటలు పనిలోనే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కితే అర్ధరాత్రి 108కి ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఖర్చు? షాపులో మొత్తం ధర చూడకండి, యూనిట్ ధర చూడండి. సీసాలో 400 యూనిట్లు, పెన్ను కార్ట్రిడ్జ్‌లో 300. ధరని ఈ అంకెతో భాగించి పోల్చండి. అనలాగు చాలా రెట్లు ఎక్కువ అని తేలుతుంది. రెండూ కొనలేని ఇంట్లో బేసల్ ఒక్కటి అనలాగుకి మార్చి, భోజనం ముందు రెగ్యులరే వాడడం మంచి మధ్యేమార్గం. రాత్రి షుగర్ పడిపోయే భయం తగ్గేది బేసల్ మార్పుతోనే.

## పంపు

నడుముకి తగిలించుకునే చిన్న యంత్రం. వేగంగా పనిచేసే ఇన్సులిన్‌నే బొట్లుబొట్లుగా రోజంతా ఎక్కిస్తుంది, భోజనానికి బటన్ నొక్కితే ఎక్కువ ఇస్తుంది. ఒంటికి అంటించి షుగర్ చూపించే సెన్సర్‌తో కలిసి తనంతట తానే హెచ్చుతగ్గులు సర్దే రకాలూ ఉన్నాయి. చిన్నపిల్లలకి అర యూనిట్ కంటే తక్కువ మోతాదులు ఇవ్వడానికీ, తెల్లవారుజామున పెరిగే షుగర్‌కీ దీనికి సాటి లేదు.

అయినా డెల్టాలో ఎవరన్నా అడిగితే నేను వెంటనే అవుననను. ఖర్చు లక్షల్లో, ఆపైన నెలనెలా ట్యూబు సెట్లు. రెండు మూడు రోజులకోసారి ట్యూబు మార్చాలి. ఉక్కలో చెమటకి ప్లాస్టర్ ఊడిపోతుంది. అన్నిటికంటే పెద్ద విషయం, పంపు వాడేవాళ్ల ఒంట్లో బేసల్ మందు నిల్వ ఉండదు. ట్యూబు మడతపడినా, ఊడినా కొద్ది గంటల్లో కీటోన్లు మొదలవుతాయి. కాబట్టి పంపు ఉన్న ఇంట్లో కూడా పెన్ను సిద్ధంగా ఉండాల్సిందే. కొనేముందు అడగండి: చెడితే చూసే మనిషి ఏ ఊరి నుంచి వస్తారు, ఎన్ని రోజులకి వస్తారు, అప్పటిదాకా వేరే యంత్రం ఇస్తారా? సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో ఏళ్లకు సరిపడా స్ట్రిప్పులూ సెన్సర్లూ వస్తాయి.

పీల్చే ఇన్సులిన్ గురించీ అడుగుతుంటారు. అది భోజనం సూదికి మాత్రమే బదులు, బేసల్ సూది ఎలాగూ ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకీ, చుట్టా బీడీ తాగేవాళ్లకీ పనికిరాదు.

| | మిక్స్ రెండు | పాతరకం నాలుగు | అనలాగు నాలుగు | పంపు |
|---|---|---|---|---|
| తిండి వేళ మారితే | కష్టం | కొంత సర్దుకోవచ్చు | తేలిక | తేలిక |
| రాత్రి షుగర్ పడే ప్రమాదం | ఎక్కువ | ఎక్కువే | తక్కువ | తక్కువ, సెన్సర్ ఉంటే ఇంకా తక్కువ |
| మందు ఖర్చు | తక్కువ | తక్కువ | ఎక్కువ | చాలా ఎక్కువ |
| చూసుకోవాల్సిన సార్లు | కనీసం రెండు | నాలుగు | నాలుగు, అంతకు మించి | సెన్సర్ తప్పనిసరి అనుకోండి |
| ఒక పూట మందు ఆగితే | షుగర్ పెరుగుతుంది | పెరుగుతుంది | బేసల్ కాస్త కాస్తుంది | గంటల్లో ప్రమాదం |
| నేర్చుకునే శ్రమ | ఒక పూట | కొన్ని రోజులు | కొన్ని వారాలు | నెలలు |

## సీసా, పెన్ను, గల్ఫ్ నుంచి వచ్చిన మందు

పెన్ను నొప్పి తక్కువ, కొలత స్పష్టం, చూపు మందగించినవాళ్లకి టిక్కు టిక్కు శబ్దంతో లెక్క తెలుస్తుంది. ప్రతిసారీ రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చూడాలి కాబట్టి ఆ మేరకు మందు పోతుంది. నాలుగు మిల్లీమీటర్ల సూది పెద్దవాళ్లకీ పిల్లలకీ సరిపోతుంది. పొట్ట మీద ఒకేచోట పొడిస్తే గడ్డ కడుతుంది, ఆ గడ్డలోకి వేసిన మందు ఒంటికి సరిగా అందదు. స్థలం మార్చుతూ ఉండాలి.

మన జిల్లాల్లో ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఇక్కడ మందుల షాపుల్లో దొరికే మామూలు ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకి 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కార్ట్రిడ్జ్‌లో, గల్ఫ్ దేశాల్లో అమ్మే సీసాల్లో మిల్లీలీటరుకి 100 యూనిట్లు. దానికి నారింజ మూత సిరంజి. కోనసీమలో ప్రతి వీధిలో కువైట్‌కో, దుబాయ్‌కో, మస్కట్‌కో వెళ్లినవాళ్లు ఉన్నారు, వస్తూ వస్తూ అమ్మకి మందు తెస్తారు. ఆ 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో "20" గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. ప్రాణం పోయే తప్పు అది. తిరగేసి, 40 సీసాకి నారింజ మూత సిరంజి వాడితే 20 అనుకున్నది 8 అవుతుంది, షుగర్ ఎందుకు దిగట్లేదో ఎవరికీ అర్థం కాదు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటిగా ఉన్నాయా అని చూడనిదే మందు తీయకండి. కార్ట్రిడ్జ్ పగలగొట్టి సిరంజితో తీయడం అసలే వద్దు.

## వేలు పొడుచుకోవడమా, సెన్సరా

భుజానికి అంటించే సెన్సర్ రెండు వారాలు పనిచేసి, రోజంతా షుగర్ గీత గీసి చూపిస్తుంది. 70 నుంచి 180 మధ్య రోజులో నూటికి 70 వంతుల సమయం ఉంటే బాగున్నట్టు. ఖరీదు వల్ల ఏడాదంతా పెట్టలేకపోవచ్చు. కానీ పద్ధతి మార్చిన నెలలో ఒక్కటి పెట్టించుకుంటే నడిరాత్రి ఏం జరుగుతోందో బయటపడుతుంది. షుగర్ వేగంగా పడుతున్నప్పుడు సెన్సర్ అంకె పది నిమిషాలు వెనకబడుతుంది. ఒంట్లో తేడాగా ఉండి సెన్సర్ బాగుందని చెబితే వేలు పొడిచి చూడండి.

## కరెంటు లేని రోజులు, వరద రోజులు

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది 30 డిగ్రీల లోపు బయట ఉంచినా నాలుగు వారాలు నిలుస్తుంది, డెగ్లుడెక్ ఎనిమిది వారాలు. మన వేసవి 30 దగ్గర ఆగదు. ఫ్రిజ్ లేకపోతే కుండలో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి, నీడలో గాలి తగిలేచోట ఉంచడం మంచి పద్ధతి. మేలో పడమటి వడగాలికి ఇది బాగా చల్లబడుతుంది. అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రపు తేమ గాలికి నీరు త్వరగా ఆరదు, కుండ అంత చల్లబడదు. అక్కడివాళ్లు ఎక్కువ నిల్వ పెట్టుకోకుండా రెండు వారాలకి సరిపడానే కొనుక్కోవడం మేలు. ఐసు ముక్కల మీద నేరుగా పెట్టకండి, ఫ్రిజ్ వెనక గోడకి ఆనించకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉండవచ్చు, పని మాత్రం సరిగా చేయదు.

1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి కరెంటు ఎన్నాళ్లు పోగలదో చెప్పక్కర్లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలకి పడవలే దిక్కయ్యాయి. లంకలో ఉండే ఇన్సులిన్ మనిషికి నేను చెప్పే గుర్తు ఒకటే. ధవళేశ్వరం నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక వచ్చిన రోజే నెల మందు, సూదులు, స్ట్రిప్పులు, గ్లూకోజు పొడి తెచ్చుకుని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలి. రెండో హెచ్చరిక 13.75 దాకా ఆగితే కాజ్‌వేలు మునిగిపోతాయి.

## ఎవరికి ఏది

బడికి వెళ్లే టైప్-1 పిల్లలకి నాలుగు సూదులే నా సలహా, స్తోమతని బట్టి అనలాగులో పాతరకమో. మధ్యాహ్నం సూది బడిలో ఎవరు వేస్తారన్నదే ప్రశ్న. హెడ్మాస్టరుగారితో ముందే మాట్లాడి, తరగతి టీచరుకి లో షుగర్ గుర్తులు చెప్పి ఉంచాలి. ఆటల పీరియడ్ ఉన్న రోజు మోతాదు తగ్గించడం గురించి డాక్టరుగారిని అడగండి.

ఒక్కరే ఉండే పెద్దవాళ్లకి సూదుల సంఖ్య పెంచడం కంటే రాత్రి షుగర్ పడిపోకుండా చూడటం ముఖ్యం. జోరు లేని బేసల్ ఒకటి, మధ్యాహ్నం పెద్ద భోజనానికి ఒకటి చాలాసార్లు సరిపోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. నిన్నటి మోతాదే ఇవాళ ఎక్కువ కావచ్చు.

గర్భిణులకి లక్ష్యాలు బిగుతుగా ఉంటాయి: పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు. మిక్స్‌తో అది అందడం కష్టం. ఈ కాలంలో అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం వంటిచోట పెద్దాసుపత్రిలో చూపించుకోవడమే దారి.

కార్తీక సోమవారాలు, అయ్యప్ప దీక్ష, రంజాన్. మిక్స్ వాడేవాళ్లు పగలంతా ఉపవాసం ఉండి పొద్దున సూది వేసుకుంటే సాయంత్రానికి పడిపోతారు. అసలే మానేస్తే టైప్-1లో కీటోన్లు. నాలుగు సూదుల పద్ధతిలో భోజనం సూది ఆపి, బేసల్ ఉంచుకోవచ్చు, అది కూడా కొంత తగ్గించి. టైప్-1 ఉన్నవాళ్లు పూర్తి ఉపవాసం మానడమే మంచిదని నేనంటాను, దేవుడు లెక్క అడగడు. దీక్షలో చెప్పులు లేకుండా నడిచేవాళ్లు రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి. స్పర్శ తగ్గిన కాలికి పల్లేరు ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర మద్యం పుచ్చుకునేవాళ్లకి ఒక్క మాట. మద్యం లివర్ నుంచి చక్కెర రాకుండా ఆపుతుంది. తినకుండా తాగి పడుకుంటే ఆ రాత్రి, మర్నాడు పొద్దున షుగర్ పడిపోతుంది. పక్కవాళ్లు మత్తు అనుకుని వదిలేస్తారు.

లో షుగర్‌కి మన వైపు చేతికి మొదట అందేది కొబ్బరి బొండాం. దాంట్లో చక్కెర ఎంతుంటుందో కాయకీ కాయకీ మారుతుంది, చాలాసార్లు చాలదు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు పొడో చక్కెరో నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. కాజా, పూతరేకు పెట్టకండి, నెయ్యి వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

## మారే వారం

కొత్త పద్ధతిలోకి మారడానికి పెళ్లిళ్లు, ఊడ్పులు, పండగ లేని వారం ఎంచుకోండి. మారేముందు ఒక వారం పాటు పరగడుపున, అన్నాల ముందు, పడుకునేటప్పుడు, ఒక్కరాత్రయినా మూడింటికి చూసిన అంకెలు నోటుపుస్తకంలో రాసి, పక్కన ఏం తిన్నారో రాయండి. డాక్టరుగారికి ఆ పుస్తకం చూపించి మూడు సంగతులు రాయించుకోండి: అన్నం తినలేని రోజు బేసల్ ఎంత, జ్వరం వస్తే మోతాదు ఎలా మార్చాలి, ఎంత దాటితే ఆసుపత్రికి రావాలి. టైప్-1లో వాంతులు, పొట్టనొప్పి, ఎగశ్వాస, 250 దిగని షుగర్ కలిసి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. పాత మందు మిగిలిన సీసాలు కొత్తవాటితో ఒకే డబ్బాలో పెట్టకండి. పేరు రాసి వేరే అరలో పెట్టండి, చీకట్లో తడుముకునే చేతికి రెండూ ఒకేలా ఉంటాయి.